సూదీ దారమూ, సర్కారు నౌకరీ

కుట్టుపని గురించి నాలుగు ముక్కలు రాయమని మన పత్రిక వారు కబురు చేసినప్పుడు, "కుట్టు నేర్పే పాఠం రాయనా, నా సొంత గోడు రాయనా?" అని అడిగాను. "రెండూ కలిపి రాయండమ్మా, మన ఆడవాళ్ళందరూ చదువుకుంటారు," అన్నారు. నేను మెట్రిక్ చదివిన గుమాస్తాను. తెల్లవారి లేస్తే మరాఠీలో నోటింగులు రాసే చెయ్యి నాది. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర దిద్దుకున్నవే గాని బడిలో నేర్చినవి కావు. తప్పులుంటే దిద్దుకుని చదవవలసిందిగా మనవి.

మా అమ్మ పుట్టిల్లు సిరోంచ. ప్రాణహిత పోయి గోదావరిలో కలిసే చోటు. 1982 దాకా అది కూడా మన చంద్రపూర్ జిల్లాలోనే వుండేది, తరువాత గడ్చిరోలి జిల్లాలోకి పోయింది. అక్కడినుంచి అమ్మ అత్తవారింటికి తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, రెండు బొంతలు. ఆ బొంతల్లో ఒకటి యిప్పటికీ మా యింట్లో వున్నది. దాని పైగుడ్డ మూడుసార్లు మారింది గాని లోపలి పొరలు మా అమ్మమ్మ చీరలే.

బొంత కుట్టడం చాలామంది తేలిక పని అనుకుంటారు. పాత చీరలు అయిదారు పొరలుగా నేలమీద పరచి, నాలుగు మూలలా రోకలీ, రోలూ, బియ్యం డబ్బా, యేది దొరికితే అది బరువు పెట్టి, ముడతలు తీసి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేయాలి. ఆ టాకాలు గట్టిగా లేకపోతే, అంచు నుంచి చుట్టూ తిరుగుతూ కుట్టుకుంటూ నడుమకు వచ్చేసరికి గుడ్డ పూరీలాగా వుబ్బి కూర్చుంటుంది. అప్పుడు చేసేదేమీ లేదు, అంతా విప్పుకోవడమే. మరొక కిటుకు వున్నది. కొత్త గుడ్డనూ పాత గుడ్డనూ ఒకే బొంతలో కలపకూడదు. కొత్త గుడ్డ నీళ్ళలో పడితే ముడుచుకుంటుంది. పాతది ముడుచుకోవలసినదంతా యెప్పుడో ముడుచుకుని వుంటుంది. రెండూ కలిపి కుడితే మొదటి వుతుకుకే బొంత నిండా బుడిపెలు లేస్తాయి. "పాత చీరెకు తొందర్లేదు బిడ్డా, గది ముడుసుకునేదంతా ముడుసుకున్నది," అనేది అమ్మ.

మన వీధుల్లో మరాఠీ వాళ్ళు దీన్నే గోధడీ అంటారు. మనం సూదిని ముందుకు పోనిస్తూ వేసే సాదా కుట్టును వాళ్ళు ధావ్ దోరా అంటారు, పరుగెత్తే దారం అన్నమాట. రెండు భాషలూ ఒకే యింట్లో తిరిగే మనలాంటి వాళ్ళకు యిలాంటివి వింటే అదొక సంతోషం. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణా నుంచీ, నాందేడు వైపు నుంచీ జనం వచ్చి ఝర్పట్ వొడ్డున పక్కలు పరుచుకుంటారు గదా, చిన్నప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని దర్శనానికి పోతూ, దేవుడి కంటె ముందు ఆ పక్కలు చూసేది. యే బొంత అంచు యెట్లా మడిచారు, మూలలో ముక్క యెట్లా అతికారు అని నిలబడి చూసేది. నాకు కాళ్ళు నొప్పి పుట్టేవి.

కుంచీ మాత్రం నేను అమ్మ దగ్గర నేర్చినది కాదు. కుంచీ అంటే పసిపిల్లలకు తొడిగే కుల్లాయీ, వీపు మీదకు జారే కప్పూ రెండూ ఒకటిగా వున్న గుడ్డ. మరాఠీ యిళ్ళల్లో పన్నెండవ రోజున బార్సే చేసి పేరు పెట్టేటప్పుడు బిడ్డకు అది తొడగనిదే వుయ్యాలలో వేయరు. మా అమ్మాయి 2004లో పుట్టింది. మనం 21వ రోజున తొట్టెల చేసుకుంటాము గదా, దానికి మా పక్కింటి మరాఠీ ముసలమ్మ ఒక కుంచీ కుట్టుకుని వచ్చింది. పైన యెర్రటి ఖణం గుడ్డ, లోపల ఆవిడ నేత చీర ముక్క. ఖణం కర్నాటకలోని గుళేదగుడ్డలో నేసే రవికెగుడ్డ. మహారాష్ట్ర ఆడవాళ్ళకు దానిమీద ప్రాణం. లోపల పాత గుడ్డ యెందుకని అడిగితే, "పైది జనం చూడడానికి, లోపలిది బిడ్డకు," అన్నది. ఆ కుంచీని విప్పి, కాగితం మీద కొలతలు గీసుకుని, మళ్ళీ కుట్టేశాను. అదే నా బడి.

2012లో మా వారు పోయారు. ఆయన ఒక సర్కారు కచేరీలో సిపాయి. జ్వరమని పడుకున్న మనిషి తొమ్మిదవ రోజున లేడు. ఇంట్లో నేనూ, అత్తమ్మా, యెనిమిదేండ్ల పిల్లా. అనుకంపా కింద నాకు నౌకరీ వస్తుందన్నారు. పేరు జాబితాలో చేరింది. ఆ జాబితా కదలడానికి అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళూ మమ్మల్ని బతికించినది కాలి మిషనూ, చేతి సూదీ.

గుమాస్తా బుద్ధి నాకు అప్పటికే వున్నట్టున్నది, ప్రతి దానికీ లెక్క రాసి పెట్టుకునేదాన్ని. ఆ పుస్తకం యిప్పుడు తీసి చూస్తే నవ్వూ వస్తుంది, యేడుపూ వస్తుంది. ఒక బొంతకు నలభై సాయంత్రాలు, సాయంత్రానికి గంటన్నర చొప్పున అరవై గంటలు. 900 రూపాయలకు పోయింది. దారానికీ, పైగుడ్డకూ 180 తీసేస్తే 720. అంటే గంటకు 12 రూపాయలు. కుంచీ 250కి అమ్మితే గుడ్డకు 110 పోను 140 మిగిలేది, అయిదు గంటల పని, గంటకు 28. వుత్త గుడ్డసంచి వున్నది చూడండి, రెండు నిలువు కుట్లూ, రెండు పట్టీలూ, ఏడో తరగతి పిల్ల కూడా కుట్టగలది, అది 25 రూపాయలు. గుడ్డకు 12 పోగా 13 మిగులుతుంది, ఇరవై నిమిషాల పని. గంటకు 39 రూపాయలు! నేర్పు పెరిగిన కొద్దీ కూలి తగ్గింది. ఇదెక్కడి న్యాయమో నాకు యిప్పటికీ బోధపడలేదు. బొంత కొనే ఆవిడ కూడా పేదదే, ఆవిడను యెక్కువ అడగడానికి నోరు రాదు. షాపులో మిషను మీద కుట్టిన దుప్పటి 500కు వస్తూంటే నా 900 ఆవిడకు బరువే.

2017లో నౌకరీ వచ్చింది. ఆయన చేసిన సిపాయి పనే, ఆయన కచేరీ మాత్రం కాదు. మొదటి నెల జీతం చేతికి వచ్చిన రోజున అత్తమ్మ ఆ నోట్లు దేవుడి దగ్గర పెట్టి, యేమీ మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నది.

మరుసటి యేడు, అంటే 2018 మార్చి 23న, మహారాష్ట్ర సర్కారు ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం పెట్టింది. మూడు నెలల గడువు యిచ్చి జూన్ 23 నుంచి జుర్మానాలు మొదలుపెట్టారు. మీకందరికీ జ్ఞాపకం వుండే వుంటుంది, కూరగాయల బజారుకు పోయినవాళ్ళు పమిట చెంగులో మిరపకాయలు కట్టుకుని రావడం. ఒక్కసారిగా గుడ్డసంచికి గిరాకీ వచ్చిపడింది. పాత ఖాతాదారులు వెతుక్కుంటూ వచ్చారు. మా కచేరీలోనే పదిమంది అడిగారు. ఒక కిరాణా దుకాణం వాడు ఐదు వందల సంచులకు బయానా యిస్తానన్నాడు. నేను రాత్రి పదకొండు దాకా మిషను తొక్కి, పొద్దున్న పదిహేను సంచులు చంకన పెట్టుకుని కచేరీకి పోయేదాన్ని.

ఒక రోజు సాహెబు పిలిచారు. మంచి మనిషి, గొంతు పెంచలేదు. "బాయీ, తుమ్హీ పిశవ్యా విక్తా కా?" అన్నారు. సంచులు అమ్ముతున్నావా అమ్మా అని. అవునన్నాను. ఆయన బీరువాలోనుంచి ఒక పుస్తకం తీసి చూపించారు. 1979 నాటి మహారాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమాలు. సర్కారు నౌకరు ముందుగా అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, వేరే కొలువు చేయకూడదు. ధర్మానికి చేసే సేవకూ, కచేరీ పని చెడకుండా యెప్పుడైనా చేసే కళాసాహిత్యాల పనికీ మాత్రం అడ్డు లేదు. ఆయన అది చదివి వినిపించి, "నేను యిది రాతలో పెట్టను. మీరే చూసుకోండి," అన్నారు.

బయటకు వచ్చాక తోటివాళ్ళు తలా ఒక సలహా యిచ్చారు. అందరి సలహా ఒకటే: "అత్తగారి పేరు పెట్టుకో అక్కా. యెవరు అడగవస్తారు? అందరూ చేసేదే గదా." ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ కూడా అదే అన్నది. "నా ఏలిముద్ర ఏడ కావాల్నంటె ఆడ ఏస్త. మగదిక్కులేని ఇంట్ల వచ్చే పైసను కాలదన్నుకుంటరా?"

ఆవిడ మాట తప్పని నేననను. ఆ రాత్రి నాకూ అట్లాగే అనిపించింది. కాని తెల్లవారేసరికి మనసు వొప్పలేదు. సంతోషంగా సంపాదించుకున్న నౌకరీ అయితే యేమి చేసేదాన్నో చెప్పలేను. ఇది ఆయన పోయినందుకు వచ్చిన నౌకరీ. దాని కింద దొంగ సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. దుకాణం వాడికి బయానా వద్దని చెప్పి పంపాను. చేతిపని అమ్ముకోవడానికి అనుమతి యిప్పించవలసిందని ఒక అర్జీ రాసి పెట్టాను. మరాఠీలో నేను సొంతంగా రాసిన మొదటి కాగితం అదే.

జవాబు రావడానికి యెనిమిది నెలలు పట్టింది. అర్జీ యే టేబుల్ మీద వున్నదో రోజూ నాకు తెలుస్తూనే వుండేది, ఫైళ్ళు మోసేది నేనే గదా! చివరకు వచ్చిన కాగితంలో వ్యాపారానికి అనుమతి లేదనీ, డబ్బు తీసుకోని పనికి అనుమతి అవసరం లేదనీ వున్నది. రెండు పంక్తులు. నేను సంతకం పెట్టి తీసుకున్నాను.

అమ్మడం మానేస్తే సూది కూడా మూలపడుతుందనుకున్నాను. పడలేదు. ముందు ఆకలికి కుట్టినదాన్ని, తరువాత కుట్టకపోతే నిద్రపట్టక కుట్టాను. చుట్టాల యిళ్ళలో తొట్టెల అయితే ఒక కుంచీ, కచేరీలో యెవరైనా రిటైరైతే పాతచీర ముక్కలతో ఒక కళ్ళజోడు సంచి. డబ్బు తీసుకోననగానే జనం వేరే విధంగా యివ్వడం మొదలుపెట్టారు. పాత చీరలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు. మెత్తని నేతచీర ఒకటి చేతికి తగిలితే ఆ రోజు నాకు పండుగే. ఈ రోజుల్లో పాతచీరలంటే సగానికి పైగా సింథెటిక్ గదా, సూదికి జారిపోతుంది, చెమట పీల్చదు, పసిబిడ్డకు పనికిరాదు.

నౌకరీ చేస్తూ యిది యెట్లా సాగిస్తున్నావని చాలామంది అడుగుతారు. దాంట్లో రహస్యమేమీ లేదు. కత్తిరింపులు సెలవు రోజున, ఒక్క కూర్చోవడంలో, ఆరేడు వస్తువులకు సరిపడా. పని దినాల్లో చేతికుట్టు తప్ప మరేదీ ముట్టను, అలసిన కంటితో కత్తెర పడితే గుడ్డ పాడు. 2020 ఫిబ్రవరి 29 నుంచి మన రాష్ట్రంలో సర్కారు కచేరీలకు అయిదు రోజుల వారం వచ్చింది. శనివారం కలిసివచ్చిందని సంబరపడ్డాను. కాని సిపాయిలు రోజూ సాయంత్రం ఆరున్నర దాకా కూర్చోవాలన్నారు. ఇంటికి వచ్చేసరికి యేడు. వెలుతురులో కుట్టే గంట పోయింది. వేసవిలో మన వూరి సంగతి చెప్పేదేముంది, 46, 47 డిగ్రీలకు చేతి చెమటకు సూది జారుతుంది, తెల్లగుడ్డ మీద వేలిముద్రలు పడతాయి. కూలరు పెడితే గుడ్డ యెగురుతుంది, ఆపితే ప్రాణం పోతుంది. దాబా మీద ఆరేస్తే బొగ్గుల వూరు, తెల్లది మాసి కిందికి వస్తుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో నేను రంగు గుడ్డలే పట్టుకుంటాను, అదీ తెల్లవారుజామున.

కచేరీకి మాత్రం సూది తీసుకుపోను. ఒకసారి భోజనం వేళ కుట్టుకుందామని పట్టుకుపోయి, గుండుసూదితో సహా గుడ్డముక్కను ఆవక రిజిష్టరులో మరిచిపోయాను. మరునాడు అది హెడ్‌క్లార్కు వేలిలో దిగింది. ఆయన యిప్పటికీ నేను తెచ్చిన రిజిష్టరు తడిమి చూసి గాని తెరవరు.

ఆ 2020లోనే మార్చి నెలాఖరున తాళాలు పడ్డాయి. మాస్కులు దొరకడం లేదు. గుమ్మంలో పోగుపడిన నేతచీరలన్నీ అప్పుడు పనికివచ్చాయి. మూడు పొరలు వేసి, ముక్కు దగ్గర మడత పెట్టి, మా యింట్లో ముగ్గురం కూర్చుని వందల మాస్కులు కుట్టాము. వూరికే యిచ్చాము. రెండు పంక్తుల ఆ కాగితం ప్రకారం దానికి యెవరి అనుమతీ అక్కరలేదు! అత్తమ్మ చివరిసారిగా సూది పట్టినది అప్పుడే. మరుసటి యేడు ఆవిడ పోయింది. మా అమ్మమ్మ చీరలున్న ఆ బొంతనే కప్పి పడుకోబెట్టాము.

తరువాత మరాఠీ టైపు పరీక్ష, నిమిషానికి ముప్ఫై మాటలు, ప్యాసై గుమాస్తానయ్యాను. సూది పట్టిన వేళ్ళకు టైపు తొందరగా వస్తుందని మా నేర్పే మాస్టారు అన్నారు. కాని రోజంతా తెరను చూసిన కళ్ళు రాత్రి సూది బెజ్జం చూడమంటే మొండికేశాయి. మరాఠీలో నలభైని చాళీస్ అంటారు, చాళిశీ అంటే దగ్గరచూపు అద్దాలు. మనం చత్వారం అంటాము, అదీ నలభైలోనుంచే వచ్చింది. నలభై దాటిన మనిషికి యే భాషలోనూ తప్పించుకునే దారి లేదు.

మా అమ్మాయి ఒక రోజు ఫోనులో ఫోటోలు చూపించింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె, అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన లాగులూ, చొక్కాలూ ముక్కలు చేసి చలికి బొంతలు కుట్టుకునేవాళ్ళు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్‌లోనూ, న్యూయార్కులోనూ పెద్ద మ్యూజియముల్లో గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో తపాలాబిళ్ళలు వేశారు. మోకాలి దగ్గర అరిగిన లాగుముక్క ఆ ఫోటోలో స్పష్టంగా తెలుస్తున్నది. మా అమ్మ యిది చూస్తే యేమనేదో నాకు తెలుసు. గోడకు వేస్తే కప్పుకునేదెవరు, అనేది. మా అమ్మాయి మాత్రం వేరే సంగతి పట్టుకున్నది.

"అమ్మా, నువ్వు అమ్మొద్దుగని, నేను అమ్మొచ్చు గదా?"

దానికి యిప్పుడు యిరవై దాటాయి. బి.కాం. చదువుతున్నది. మళ్ళీ ఆ పుస్తకం తీసి చూశాను. ఇంట్లోవారు యెవరైనా వ్యాపారం చేస్తే నౌకరు ఆ సంగతి పైవారికి తెలియపరచాలి, అంతే. సరే, తెలియపరుస్తాను, కాని ఒక్క షరతు అన్నాను. కుట్టేది నువ్వే. నా చెయ్యి ఒక్క కుట్టు కూడా పడకూడదు. పడితే అది అత్తమ్మ వేలిముద్ర మాటే మళ్ళీ అవుతుంది. అది నవ్వి, "నువ్వు వూకుంటవా?" అన్నది.

అదే కష్టమైంది. అమ్మడం మానుకోవడం దీనిముందు యేమీ కాదు. అది పరుగుకుట్టు వేస్తూంటే ఒకటి బియ్యపుగింజంత, ఒకటి చింతగింజంత. దారం కొస ముడి పైకి కనిపిస్తూంటుంది. ఖణం అంచును లోపలికి కాక బయటికి మడుస్తుంది. నోటితో చెబుతాను, చేత్తో చూపించను. అద్దాలు పెట్టుకుంటే దాని కుట్టు కనబడుతుంది, కనబడితే చెయ్యి వూరుకోదు, అందుకని అద్దాలు తీసి పక్కన పెట్టి, పెసలు యేరుకుంటూ కూర్చుంటాను. పెసల్లో రాళ్ళు కూడా కనబడవనుకోండి.

తెలియపరిచే కాగితం సోమవారం కచేరీలో యిచ్చి రసీదు తీసుకున్నాను. మొదటి కుంచీకి అది పదకొండు గంటలు పట్టించింది. నా పాత లెక్కల పుస్తకంలోనే వెనుకనుంచి తిప్పి కొత్త లెక్క మొదలుపెట్టింది. కొనడానికి వచ్చినావిడ వెనక వీధి మరాఠీ ఆమె, ఆమె పెద్దబిడ్డ కుంచీ నేను కుట్టినదే. నేను వంటింట్లోనే వుండిపోయాను. ఆమె కుంచీని తిరగేసి, లోపలి కుట్టు చూసి, "హా తుఝ్యా ఆయీచా హాత్ నాహీ," అన్నది. ఇది మీ అమ్మ చెయ్యి కాదు అని.

"కాదు, నాది," అన్నది మా అమ్మాయి.

ఆమె కాసేపు మాట్లాడలేదు. నాడా గట్టిగా లాగి చూసింది. తరువాత మూడు వందలు లెక్కపెట్టి యిచ్చి, కుంచీ తీసుకుని వెళ్ళిపోయింది.